ఫ్యాన్ తుడిచాక ఊగుతోంది, గాలి కూడా తగ్గింది: కొత్తది కొనాలా?

రెగ్యులేటర్ 5లో పెట్టినా గాలి రావడం లేదని, తుడిచిన దగ్గర్నుంచీ ఫ్యాన్ ఊగుతోందని రాశారు. అప్పుడే కొత్తది కొనకండి. పోయిన వేసవిలో ఖమ్మంలో మా అమ్మ గదిలో ఫ్యాన్‌కి అచ్చం ఇదే జరిగింది.

తప్పు నాదే. స్టూలెక్కి తడిగుడ్డతో రెక్కల్ని పైనుంచి గట్టిగా నొక్కి తుడిచాను. మర్నాడు మెయిన్ ఆఫ్ చేసి, ఒక కర్రను సీలింగ్‌కి ఆనించి నిలబెట్టి, రెక్క చివర ఎక్కడికొస్తుందో దాని మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. చేత్తో తిప్పుతూ మిగతా రెండు రెక్కల్నీ అదే కర్ర దగ్గరికి తెచ్చి చూస్తే, ఒకటి దాదాపు అర అంగుళం కిందికి వంగి ఉంది. మెల్లగా పైకి ఎత్తి సరిచేసి, స్క్రూలు బిగించాక ఊగడం చాలావరకు తగ్గింది.

ఇప్పుడు పాత దిండు గలీబునే వాడుతున్నాను. రెక్కకు తొడిగి, కింద ఒక చెయ్యి ఆసరాగా పెట్టి, మన వైపు లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద రాలదు. గాలిని కోసే అంచు దగ్గర దుమ్ము గట్టిగా పేరుకుంటుంది, అక్కడ రెండోసారి తుడవండి. వంటింటి ఫ్యాన్‌కి నూనె జిడ్డు పడుతుంది కాబట్టి, సర్ఫ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి బాగా పిండిన గుడ్డ కావాలి. మోటారు మీద మాత్రం చుక్క నీళ్లు పడనివ్వకండి.

ఇక గాలి సంగతి. స్విచ్ ఆపి రెక్కను చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే బేరింగు బాగున్నట్టే, అనుమానం కండెన్సర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగం) మీదే. మోటారు పైనున్న కప్పు జరిపితే కనిపిస్తుంది. మాదాని మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంది, అదే నంబరుది వేయించాం, వంద రూపాయల లోపే అయింది. స్పీడు పెరుగుతుందని పెద్ద నంబరుది వేయించకండి, వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) వేడెక్కి కాలిపోవచ్చు.

బేరింగు గరగరలాడుతుంటే, ఫ్యాన్ మరీ పాతదైతే అప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో నడిచే మోటారున్నది) ఆలోచించండి. మామూలుది 75 వాట్లు తింటే ఇది 30 వాట్ల దగ్గరే ఉంటుంది. రోజుకి 15 గంటలు వేసే ఇంట్లో నెలకు 34 యూనిట్లు కాస్తా 14కి దిగుతాయి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. కండెన్సర్ మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ సీలింగ్ దగ్గరి కప్పు కూడా దించాడు. కొక్కేనికి ఫ్యాన్‌ని వేలాడదీసే బోల్టుకి ఉండాల్సిన పిన్ను లేదు, నట్టు సగం వదులై ఉంది. దాని కిందే మా అమ్మ పడుకునేది. నాకు ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. మీది కూడా ఊగుతోందంటున్నారు కాబట్టి రేపే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ కప్పు దింపించండి. అప్పటిదాకా మంచం పక్కకు జరిపి పడుకోండి.