షెడ్డులో పురుగుల గురించి నా తమ్ముడి కూతురికి

చి. సుమకు,
పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఇంటి వెనక షెడ్డులో బెంచి వేసుకుని కర్రపని మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషం వేసింది. గోడల నిండా సాలీళ్లు, చెక్కల కింద తెల్లటి పొడి, గోడ మూలన మట్టి గీత, రాత్రి లైటు వేస్తే ముఖం మీద వాలే పురుగులు అని రాశావు. ఆదివారం ఒక మనిషిని పిలిపించి అంతా కలిపి ఒకేసారి మందు కొట్టించేస్తానని కూడా రాశావు. కొంచెం ఆగు తల్లీ. నువ్వు రాసిన నాలుగూ వేర్వేరు సంగతులు. మట్టి గీతకు మందు కావాలి. పొడి రాలే చెక్కను విడిగా పెట్టి చూడాలి. రాత్రి పురుగులకు లైటు మారిస్తే చాలావరకు సరిపోతుంది. సాలీళ్లను చాలావరకు ఉండనివ్వాలని నేనంటాను. అన్నిటికీ ఒకే మందు కొట్టిస్తే మంచి చేసేవి ముందు పోతాయి, చెదలు మాత్రం నేలలో భద్రంగా ఉంటాయి.

వాటి సంగతికి వచ్చే ముందు ఒక మాట. ఇది నువ్వు అడగలేదు, కానీ నాకు అన్నిటికంటే టెన్షన్ దీని గురించే. హైదరాబాద్ బాలానగర్‌లో, లోహపు పోతలకు చెక్క నమూనాలు చేసే ప్యాటర్న్ షాపుల్లో పనిచేసినన్నాళ్లూ పురుగు కుట్టి ఆసుపత్రికి వెళ్లినవాళ్ల కంటే, పురుగును విదిలించబోయి చెయ్యి కోసుకున్నవాళ్లనే ఎక్కువగా చూశాను. రంపం తిరుగుతుండగా మెడ మీద ఏదో పాకుతుంది, చెయ్యి దానంతట అదే ఎగురుతుంది. అందుకే ఇప్పటినుంచే ఒక అలవాటు చేసుకో. ఒంటి మీద ఏది వాలినా ముందు స్విచ్ మీద నుంచి వేలు తియ్యాలి. బ్లేడు పూర్తిగా ఆగేదాకా చూడాలి, ఎందుకంటే స్విచ్ ఆపాక కూడా అది కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాతే పురుగు సంగతి. కందిరీగ అయినా సరే, కుడితే కుట్టనీ. మిషన్ ఆపి ఉన్నప్పుడు దీన్ని కావాలని సాధన చెయ్యి. పని మొదలుపెట్టే ముందు చేతి తొడుగులు, బూట్లు దులుపు, మాస్కు లోపల చూసుకో, కళ్లద్దాలు తుడుచుకో. ఇవన్నీ మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టుకుంటే ఇంకా మంచిది. గోడకు మేకు కొట్టి ఏప్రాన్ తగిలించకు.

ఇక మట్టి గీత. అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. అది చెదల దారి. తేమ లేకపోతే అవి బతకలేవు, వాటికి వెలుతురు గిట్టదు. అందుకని నేలలోని గూటి నుంచి చెక్క దాకా మట్టితో గొట్టం కట్టుకుని, దాని లోపలే తిరుగుతాయి. నాగులచవితికి మనం పాలు పోసే పుట్టలు కూడా చెదలు కట్టినవే. గూడు అంత లోతుగా నేలలో ఉంటుంది కాబట్టే పైపైన కొట్టే మందు పనిచేయదు. పెన్సిల్‌తో ఆ గొట్టాన్ని మధ్యలో వేలెడంత మేర పగలగొట్టి వదిలెయ్యి. రెండు మూడు రోజుల్లో మళ్లీ కట్టుకుంటే గూడు బతికి ఉన్నట్టే. కట్టుకోకపోయినా పోయిందని అనుకోకు. దారి మార్చి ఉండవచ్చు. గోడ వెంబడి, ర్యాకు వెనక, తలుపు చట్రం కింద టార్చ్ వేసి చూడు. సుత్తి పిడితో చట్రాన్ని తట్టి చూస్తే తిన్న చోట డొల్ల మోత వస్తుంది.

కిరోసిన్ పొయ్యమని చాలామంది చెబుతారు. తగిలినవాటిని చంపుతుంది, గూటిని తాకదు. పైగా రంపపు పొట్టు ఉన్న షెడ్డులో కిరోసిన్ వాసనే ఉండకూడదు. సరైన పద్ధతి ఇది: గోడా నేలా కలిసే చోట వరసగా, అడుగుకు ఒకటి చొప్పున డ్రిల్లుతో రంధ్రాలు వేసి, మందు నీళ్లు లోపలికి ఎక్కించి, సిమెంటుతో మూసెయ్యాలి. కట్టేసిన ఇళ్లకు చెద మందు ఎలా వెయ్యాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. వచ్చే మనిషిని ఆ ప్రమాణం ప్రకారమే చేస్తారా అని అడుగు. ఏ మందు వాడతారో పేరు అడుగు. సాధారణంగా క్లోర్‌పైరిఫాస్, ఇమిడాక్లోప్రిడ్ వాడతారు. డబ్బా సీలు నీ ఎదురుగానే తెరవాలి, లేబుల్ మీద రాసిన కొలతలోనే కలపాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద వాళ్లకు లైసెన్సు ఉండాలి. చూపించమనడానికి మొహమాటపడకు. ఎన్నాళ్ల గ్యారంటీ ఇస్తారో కాగితం మీద రాయించుకో.

మందు ఎంత మంచిదైనా నువ్వు చెదలకు తిండీ నీళ్లూ పెడుతుంటే లాభం లేదు. కూలర్‌ను షెడ్డు గోడకు ఆనించి పెట్టావని మీ అమ్మ చెప్పింది. దాని నీళ్లు ఆ గోడ మొదట్లోకే ఇంకుతాయి. ఈ రోజే అక్కణ్ణుంచి తీసెయ్యి. చెక్క ఏదీ నేల మీద పడుకోకూడదు, గోడకు ఆనకూడదు. ఇనప ర్యాకు మీద నేలకు అరడుగు ఎత్తులో, గోడకు బెత్తెడు దూరంలో ఉంచితే గొట్టం కడుతున్నప్పుడే నీ కంట పడుతుంది. పొట్టు సంచులు, అట్టపెట్టెలు నేల మీద నిల్వ పెట్టకు. తొలకరి వానల సాయంత్రం ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేస్తే లైట్లు ఆర్పి తలుపు వేసుకో. బయటి నుంచి దీపానికి వచ్చినవి రెక్కలు రాల్చి చచ్చిపోతే దిగులు లేదు. షెడ్డు లోపలి గోడ పగులులోంచే వస్తుంటే మాత్రం గూడు నీ గోడ కిందే ఉందని అర్థం.

తెల్లటి పొడి సంగతి వేరు. నేలలో గూడు కట్టే ఈ చెదలు పొడి రాల్చవు, మట్టి పూస్తాయి. టాల్కం పౌడర్‌లా మెత్తటి పొడి, పక్కన గుండుసూది తలంత రంధ్రాలు ఉంటే అది కర్రను పుచ్చిపోయేలా చేసే చిన్న పెంకుపురుగు. అది చేవ, అంటే కర్ర నడిమి గట్టి భాగం, జోలికి రాదు, చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కలోని పిండిపదార్థం కోసం వస్తుంది. టేకైనా తెల్ల భాగం ఉంటే తింటుంది. మామిడి, రబ్బరు చెక్క, వెదురు దానికి మరీ ఇష్టం. జుమ్మెరాత్ బజార్‌లో కొన్న పాత కిటికీ చట్రం అన్నావు కదా, నా అనుమానం దాని మీదే. పాత కర్ర కొనడం తప్పు కాదు, ఇప్పుడు దొరకని మంచి చేవ అందులోనే దొరుకుతుంది. కానీ కొన్నది ఏదైనా నేరుగా ర్యాకులోకి వెళ్లకూడదు. నల్ల కాగితం మీద కొన్ని వారాలు విడిగా పెట్టు. కొత్త పొడి రాలితే లోపల పురుగు తింటోందన్నమాట. బాగా తిన్న భాగం కోసి పారెయ్యి. మిగతాదానికి పాలిష్ వెయ్యకముందే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు బాగా పట్టించి ఆరబెట్టు. ఈ పురుగు పాలిష్ లేని చెక్క రంధ్రాల్లోనే గుడ్లు పెడుతుంది కాబట్టి బల్ల చేసినప్పుడు అడుగు భాగానికీ, డ్రాయర్ లోపలికీ కూడా పాలిష్ వెయ్యి. మన పనివాళ్లలో చాలామంది కనిపించే వైపే వేసి వదిలేస్తారు. అది నాకు ఎప్పుడూ నచ్చలేదు.

సరుకుల కింద వేసే ప్యాలెట్ చెక్కలు తెచ్చుకుంటే వాటి మీది ముద్ర చదువు. హెచ్‌టి అని ఉంటే చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగిలిందని అర్థం, తీసుకోవచ్చు. ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించారన్నమాట, ముట్టుకోకు.

రాత్రి పురుగులకు తెల్ల ట్యూబ్‌లైటు తీసి పసుపు రంగు ఎల్‌ఈడీ వేసుకో. తలుపు పైన ఉన్న దీపాన్ని దూరంగా కాంపౌండ్ గోడ మీదికి మార్చు. కిటికీలకు దోమల జాలీ కొట్టించు. పాలిష్ పని ఎప్పుడూ పొద్దున్నే పెట్టుకో. సాయంత్రం దీపం కింద పాలిష్ వేస్తే ప్రతి పురుగూ దాని మీదే వాలుతుంది. వాలితే వేలితో పీకకు, మచ్చ పెద్దదవుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ ఒక పూత వెయ్యి.

వానాకాలంలో దీపానికి వచ్చేవాటిలో ఒకదాన్ని గుర్తుపెట్టుకో. సన్నగా, దాదాపు సెంటీమీటరు పొడవు, నారింజ రంగు నలుపు పట్టీలు. చూసి చీమ అనుకుంటాం. అది కుట్టదు, కరవదు. కానీ ఒంటి మీద నలిపితే దాని రక్తంలోని పెడెరిన్ అనే విషం తగిలి, మర్నాడో ఆ మర్నాడో మంట, చారలాగా బొబ్బలు వస్తాయి. మన ఇళ్లలో చాలామంది దాన్ని సాలీడు పాకిందని అంటారు. సాలీడుకు అన్యాయంగా పడ్డ నింద అది. ఆ పురుగు వాలితే నలపకుండా ఉఫ్‌మని ఊది, ఆ చోటు సబ్బుతో కడుక్కో. కళ్లు నలుపుకోకు.

సాలీళ్లు నీకు భయమని తెలుసు. గోడ మీద అరచేయంత కాళ్లు చాపుకుని ఉండేది గూడు కట్టదు, బొద్దింకల్ని వేటాడుతుంది. పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకుని ఉంటే అది గుడ్ల సంచి. మూలల్లో సన్నటి పొడుగు కాళ్లతో వేలాడేదీ, కిటికీ మీద ఎగిరెగిరి ఈగల్ని పట్టేదీ రెండూ నీకు హాని చెయ్యవు. వీటిని చంపి ఆ తర్వాత బొద్దింకల మందు కొనడం నాకు సబబుగా అనిపించదు. అయితే బూజు అన్నిచోట్లా ఉండనివ్వకు. స్విచ్‌బోర్డు, మోటారు, దీపాల చుట్టూ బూజుకు సన్నటి పొట్టు అంటుకుంటే నిప్పు రవ్వకు అంటుకుంటుంది. అక్కడ వారం వారం బూజుకర్రతో దులుపు. పైమూలలు వాటికి వదిలెయ్యి.

మట్టితో గూడు కట్టే కందిరీగ మనల్ని కుట్టడం అరుదు. కానీ డ్రిల్లు గాలి రంధ్రాలనూ, కంప్రెసర్ పైపు కొననూ, ప్లగ్గు రంధ్రాలనూ మట్టితో మూసేస్తుంది. వాడని పైపు కొనలకు టేపు వెయ్యి. చూరుకు వేలాడే కందిరీగల తుట్టె గానీ, తేనెపట్టు గానీ అయితే నువ్వు వెళ్లకు, పొగ పెట్టకు. తెలిసినవాళ్లను పిలిపించు. ఉలులు నూరే రాయి తొట్టిలో నీళ్లు వారం దాటి ఉంచకు. డెంగీ దోమకు ఆ మంచినీళ్లే చాలు.

స్ప్రే డబ్బా విషయంలో గట్టిగా చెబుతున్నాను. అందులో మందును బయటికి తోసే గ్యాస్ అంటుకునే గుణం ఉన్నది. గ్రైండర్ రవ్వలూ, డ్రిల్లు మోటారు లోపలి మెరుపులూ దానికి చాలు. స్ప్రే కొడితే తలుపులు తెరిచి, గాలి పూర్తిగా మారాకే మిషన్ ఆన్ చెయ్యి. డైక్లోర్వాస్ అనే పురుగుమందు పాత సీసా ఎవరైనా ఇస్తే తీసుకోకు. 2020 డిసెంబర్ 31 నుంచి మన దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించారు.

తేలు మాట కూడా రాయాలి, చెక్కల దొంతరలు దానికి ఇల్లు కాబట్టి. పెద్ద నల్ల తేలు కంటే చిన్న ఎర్ర తేలు ప్రమాదం, పిల్లలకు మరీ. నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చ్ ఒకటి కొనుక్కో. చీకట్లో ఆ వెలుగు పడితే తేలు నీలి ఆకుపచ్చగా మెరుస్తుంది. దొంతర కదిపే ముందు చుట్టూ వేసి చూడు, చెక్క అడుగున వేళ్లు పెట్టి ఎత్తకు. ఎవరికైనా కుట్టాక చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం కనిపిస్తే కట్టు కట్టడం, కోయడం, మంత్రాలు ఇవేవీ వద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మందుతో ఎందరినో బతికించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ మందు ఎంత త్వరగా పడితే అంత మేలు.

ఆదివారం వచ్చే మనిషిని ఒక వారం ఆగమని చెప్పు. ఈలోగా కూలరు తీసెయ్యి, చెక్కలన్నీ గోడకు దూరంగా జరుపు, ఆ కిటికీ చట్రాన్ని డాబా మీద విడిగా పెట్టు. గొట్టాన్ని పగలగొట్టిన రోజు ఒక ఫోటో, మూడో రోజు ఒక ఫోటో తీసి నాకు పంపు. అవి చూశాక ఎన్ని రంధ్రాలు వేయించాలో ఫోన్లో చెబుతాను.

మీ పెదనాన్న