సెల్లార్ గుంతలోని మట్టి, నీరు: పరీక్షకు ఎలా తీయాలి?

ప్రశ్న: కాటేదాన్ సమీపంలో ఒకప్పుడు రంగులు, థిన్నర్లు తయారుచేసిన షెడ్డు ఉన్న స్థలంలో మేము అపార్ట్‌మెంటు కడుతున్నాము. సెల్లార్ కోసం 12 అడుగులు తవ్వేసరికి ఒక మూల మట్టి నల్లగా, ఘాటైన వాసనతో వచ్చింది. అడుగున నీరు కూడా ఊరుతోంది. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు, సిమెంటు సంచిలో మట్టి నింపి ల్యాబుకు పంపితే చాలునని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా? (ఒక పాఠకుడు, రాజేంద్రనగర్)

జవాబు: చాలదండి. ల్యాబు తనకు అందిన సీసానే పరీక్షిస్తుంది. ఆ సీసాలోని నీరు మీ గుంతలోని నీటి స్థితిని చూపుతుందా లేదా అన్నది తీసినవారి చేతిలోనే ఉంటుంది. సిమెంటులో క్షారంతో పాటు కొద్దిగా క్రోమియం కూడా ఉంటుంది కనుక, ఆ సంచిలో వెళ్లిన మట్టిలో క్రోమియం బయటపడితే అది స్థలానిదో సంచిదో ఎవరూ తేల్చలేరు.

తీయడానికి ముందే ఏం వెతుకుతున్నారో నిర్ణయించుకోండి. థిన్నర్ల నుంచి టోలీన్, జైలీన్ వంటి ఆవిరయ్యే ద్రావకాలు, పాత రంగుల నుంచి సీసం (లెడ్), క్రోమియం వంటి లోహాలు ఉండవచ్చు. ఎన్.ఏ.బి.ఎల్. (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబును ఎంచుకుని, ఆ గుర్తింపు ఈ పరీక్షలకు కూడా వర్తిస్తుందో లేదో అడిగి, సీసాలు వారి వద్దనే తీసుకోండి.

నిటారుగా తవ్విన అంత లోతు గుంతలోకి, గోడలకు ఊతం లేకుండా, ఎవరినీ దింపవద్దు. ద్రావకాల ఆవిరి అడుగునే పేరుకునే ప్రమాదం కూడా ఉంది. ప్రొక్లెయిన్ బకెట్‌తో మట్టిని పైకి తెప్పించి, ఇనుము తగలని నడిమి భాగం నుంచి స్టీలు గరిటెతో తీయండి. ద్రావకాల పరీక్షకు కావలసిన మట్టిని అన్నిటికంటే ముందు, పిసకకుండా, ఖాళీ మిగలకుండా నింపి వెంటనే మూత బిగించాలి. నాలుగు మూలల మట్టినీ కలిపి ఒకే పొట్లం కట్టే అలవాటు పొలంలో భూసార పరీక్షకు సరిపోతుంది గాని ఇక్కడ హాని చేస్తుంది, ఎందుకంటే కలిపేటప్పుడు ద్రావకాలు గాలిలో కలిసిపోతాయి, నల్లని మూలలోని కాలుష్యం మిగతా మూడు మూలల శుభ్రమైన మట్టిలో పలచబడుతుంది. నల్ల మట్టి నుంచి, దాని కింద రంగు మారని పొర నుంచి, పక్కనున్న భాగం నుంచి విడివిడిగా తీయండి. వీటితో పాటు అనుమానం లేని మూలలో, అదే లోతున, అదే రకం మొరం నుంచి ఒకటి తీయడం తప్పనిసరి. మన హైదరాబాద్ నగరం కింద ఉన్నది గ్రానైటు. దాని నుంచి ఏర్పడిన మట్టిలో కొన్ని లోహాలు సహజంగానే ఉంటాయి, ఆ స్థాయి తెలియనిదే మిగతా అంకెలకు అర్థం లేదు.

నీటి విషయంలో పొరపాట్లకు ఆస్కారం మరింత ఎక్కువ. వాన పడి నిలిచిన నీరు భూగర్భజలం కాదు కనుక, ఉన్న నీటిని మోటారుతో డ్రమ్ముల్లోకి తోడించి, కొత్తగా ఊరిన నీటిని పట్టాలి. రిపోర్టు వచ్చేదాకా ఆ డ్రమ్ముల నీటిని నాలాలోకి వదలవద్దు. అది చివరికి మూసీలోకే చేరుతుంది. ద్రావకాల పరీక్ష కోసం, ల్యాబువారు ముందే ఆమ్లం చుక్కలు వేసి ఉంచిన 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు ఇస్తారు. వాటిని కడగకుండా, పొంగించకుండా, లోపల ఒక్క బుడగ కూడా లేకుండా నింపాలి. నీటిలో కరిగిన లోహాల లెక్క కావాలంటే 0.45 మైక్రాన్ వడపోత తరువాతే నైట్రిక్ ఆమ్లం కలపాలి. బురద నీటిలో నేరుగా ఆమ్లం పోస్తే బంకమట్టికి అంటి ఉన్న సీసం కూడా నీటిలోకి దిగి, లేని ప్రమాదం కాగితం మీద కనిపిస్తుంది. నేను చూసిన గందరగోళపు రిపోర్టుల్లో చాలావాటికి మూలం ఇదే. పి.హెచ్., ఉష్ణోగ్రత, విద్యుద్వాహకత గుంత దగ్గరే కొలవాలి. షట్సంయోజక క్రోమియం (హెక్సావాలెంట్, అంటే క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం) పరీక్షకు మాత్రం ఆమ్లం వేయకుండా 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. అన్నీ ఐస్‌పెట్టెలో, సుమారు 4 డిగ్రీల వద్ద ప్రయాణించాలి. వాటితో పాటు, దారిలో కాలుష్యం చేరిందేమో తెలిసేందుకు శుద్ధజలం నింపిన సీసా ఒకటి, ఫలితాలు నిలకడగా ఉన్నాయో చూసేందుకు ఏదో ఒక చోట రెండోసారి తీసిన నమూనా ఒకటి పంపండి. ప్రతి సీసా మీద స్థలం, లోతు, తేదీ, సమయం రాసి, చేతులు మారిన ప్రతిసారీ సంతకం తీసుకోండి.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాము మించకూడదు. గుంతలో నీరు ఎవరూ తాగరనడం సమాధానం కాదు. రాతి పగుళ్ల వెంట అది పక్కింటి బోరులోకి చేరవచ్చు. అంకెలు మించితే సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న: మా పాత కార్ఖానా స్థలంలో తవ్వి పోసిన మట్టికుప్ప రెండు వారాలుగా ఎండలో ఉంది. ఇప్పుడు దాని నుంచి తీయవచ్చా? (ఒక పాఠకురాలు, బొల్లారం)

జవాబు: లోహాల కోసమైతే తీయవచ్చు, పైపొర వదిలి, కుప్ప లోపల నుంచి పలుచోట్ల తీయండి. ద్రావకాలు చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి కనుక వాటికి శుభ్రమని రిపోర్టు వచ్చినా నమ్మవద్దు, వాటి కోసం తవ్వని చోటు నుంచి మళ్లీ తీయాలి. అప్పటిదాకా కుప్పను టార్పాలిన్‌తో కప్పి ఉంచండి. ఫిల్లింగుకు కావాలని ఎవరు అడిగినా ఒక్క టిప్పరు కూడా ఇవ్వవద్దు.