లాక్ ఫైల్ ఉన్నాక ఇమేజ్‌లో పైథాన్ ఏ వెర్షన్ అయితే ఏంటి?

"రిక్వైర్‌మెంట్స్ (కావాల్సిన ప్యాకేజీలు) అన్నీ కచ్చితమైన వెర్షన్లతో లాక్ ఫైల్‌లో లాక్ చేశాను, ఇక డాకర్ ఇమేజ్‌లో పైథాన్ వెర్షన్ కూడా చూసుకోవాలా?" అని అడిగారు. చూసుకోవాలి, చివరి అంకె దాకా. ఒకప్పుడు నేనూ మీలాగే అనుకున్నాను.

మా లాప్‌టాప్‌లలో పైథాన్ 3.11.7. ఇమేజ్, అంటే యాప్‌నీ దానికి కావాల్సినవన్నిటినీ కలిపి కట్టిన మూట, డెబియన్ 12 లినక్స్ మీద కట్టింది, దాని సొంత పైథాన్ 3.11.2. రెండూ 3.11 కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. లాక్ ఫైల్‌ని లాప్‌టాప్‌లోనే పిప్-కంపైల్ అనే టూల్‌తో తీసి, అందులో లేనిదేదీ లోపలికి రాకూడదని ఇమేజ్‌లో నో-డెప్స్ (జాబితాలో లేని అనుబంధ ప్యాకేజీలు తేవద్దనే ఆప్షన్) పెట్టి పిప్‌తో ఇన్‌స్టాల్ చేశాం. బిల్డ్ పాసైంది. డిప్లాయ్ చేయగానే ఒక్కో కంటైనర్ (ఆ ఇమేజ్ నుంచి నడిచే యాప్) లేవడం, వెంటనే పడిపోవడం. లాగ్‌లో ఒకటే గోల: అసింక్ టైమౌట్ మాడ్యూల్ లేదని. మా కోడ్ అంతా వెతికాం, ఆ పేరే ఎక్కడా లేదు. అందరిలో ఒకటే టెన్షన్. అర్ధరాత్రి దాటాక దొరికింది. మేం వాడే రెడిస్ డేటాబేస్ క్లయింట్ లైబ్రరీకి పైథాన్ 3.11.3 కంటే పాతదైతేనే ఆ ప్యాకేజీ కావాలి. పిప్-కంపైల్ తాను ఏ పైథాన్ మీద నడుస్తుంటే దానికే లెక్క కడుతుంది. 3.11.7 మీద అవసరం లేదు కాబట్టి లాక్ ఫైల్‌లో రాయలేదు; ఇమేజ్‌లోని 3.11.2కి మాత్రం అది కావాలి.

నో-డెప్స్ తీసేస్తే సరిపోయేది కదా అంటారు కొందరు. అప్పుడు పిప్ ఆ రోజు దొరికిన వెర్షన్‌ని చప్పుడు లేకుండా దించుకునేది. అలాంటప్పుడు లాక్ చేయడం దేనికి?

ఇప్పుడు లాక్ ఫైల్‌ని ఏ ఇమేజ్‌లో నడుస్తుందో ఆ ఇమేజ్‌లోనే తీస్తాం. పిప్-కంపైల్ బదులు యూవీ అనే టూల్ వాడితే ఒకే లాక్ ఫైల్ మీరు చెప్పిన పైథాన్ వెర్షన్లన్నిటికీ వర్తిస్తుంది, ఈ గొడవ తప్పుతుంది. అయినా నంపై (లెక్కల లైబ్రరీ) 1.24ని లాక్ చేసి ఇమేజ్‌ని 3.12కి మారిస్తే అదీ కాపాడలేదు. ఆ జోడీకి వీల్ (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీ) లేదు, సోర్స్ నుంచి బిల్డ్ చేయబోయి ఆగిపోతుంది.

నాకు అసలు కోపం డాకర్‌ఫైల్‌లో బేస్ ఇమేజ్ ఏదో చెప్పే ఫ్రమ్ లైన్ ఒక్కటే మార్చి పంపే బాట్ల మీద, "ఒక్క లైనే కదా" అని అప్రూవ్ చేసేవాళ్ల మీద. ఆ ఒక్క లైన్‌తో ఇంటర్‌ప్రెటర్, సిస్టమ్ లైబ్రరీలు అన్నీ మారిపోతాయి. మా దగ్గర ఫ్రమ్ లైన్ మారిన కమిట్‌లోనే లాక్ ఫైల్‌నీ మళ్లీ తీయాలి. కోడ్‌ని ఆటోమేటిక్‌గా పరీక్షించే సీఐ కూడా అదే ఇమేజ్‌లో పిప్-కంపైల్ నడిపి, ఒక్క లైన్ తేడా వచ్చినా మెర్జ్ ఆపేస్తుంది.