కాన్పుకు ఏడు వారాలే ఉంది.. బిడ్డ కోసం ఏమేం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. తొలి కాన్పు. ఇప్పుడు 33వ వారం నడుస్తోంది. బిడ్డకు ఏమేం కొనాలో చూద్దామని కూర్చుంటే ఒక్కో లిస్టులో యాభై, అరవై వస్తువులు ఉంటున్నాయి. ఏవి అవసరమో, ఏవి కాదో తెలియడం లేదు. పెద్దవాళ్లెవరూ మా దగ్గర ఉండరు, నేనూ మావారే చూసుకోవాలి. నిజం చెప్పాలంటే నాకు చంటిపిల్లల్ని ఎత్తుకోవడం కూడా రాదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ లిస్టులన్నీ మూసేయండమ్మా. పుట్టిన బిడ్డకు మొదటి నెలలో కావాల్సినవి నాలుగే: వెచ్చదనం, పాలు, శుభ్రమైన చేతులు, భయం లేకుండా పడుకోబెట్టే చోటు. వీటికి పనికొచ్చేవి కొనండి, మిగతావి బిడ్డ వచ్చాక అవసరాన్ని బట్టి తెచ్చుకోవచ్చు. పిల్లల డాక్టరుగా నేను చూసినంతలో, అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చే కొత్త తల్లిదండ్రుల్లో ఫలానా వస్తువు కొనలేదే అని వచ్చినవాళ్లు లేరు. ఏది మామూలో, ఏది ప్రమాదమో ముందుగా ఎవరూ చెప్పక, గుండె చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. కాబట్టి కొనడానికి ఒక రోజు కేటాయించండి, మిగతా రోజులు తెలుసుకోవడానికి.

ఆ ఒక్క రోజు పని చెప్పేస్తాను. మొట్టమొదట ఒక డిజిటల్ థర్మామీటర్. తర్వాత ముందువైపు తెరుచుకునే మెత్తటి నూలు బట్టలు ఆరేడు జతలు, టోపీలు, సాక్సులు, పలచటి దుప్పట్లు, మెత్తటి తువ్వాళ్లు. తల మీద నుంచి తొడిగే బట్టలు మొదట్లో వద్దు, చేయి తిరగని చేతులకు కష్టం. అన్నీ ఒకసారి ఉతికి బాగా ఆరబెట్టి ఉంచండి. డైపర్లు రోజుకు ఎనిమిది, పది దాకా పడతాయి, అయినా ఒకేసారి గుట్టలు గుట్టలుగా కొనకండి, వారాల్లోనే సైజు మారిపోతుంది. కారులో ఇంటికి తీసుకొచ్చేటట్టయితే వెనక్కి ముఖం పెట్టి కూర్చోబెట్టే బేబీ సీటు ముందే బిగించుకుని, బెల్టు పెట్టడం తీయడం ఒకసారి అలవాటు చేసుకోండి. పౌడర్ డబ్బా కొనకండి, ఆ దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దిండు కూడా వద్దు, ఆ సంగతి కింద చెబుతాను. ఆసుపత్రికి తీసుకెళ్లే సంచి, మీ రిపోర్టుల ఫైలు 36వ వారానికల్లా సర్ది తలుపు దగ్గర పెట్టేయండి.

ఈ వారం మీ డాక్టర్‌ను కలిసినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. కోరింత దగ్గు రాకుండా గర్భిణికి ఇచ్చే టీకా ఉంటుంది, 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, మీకింకా సమయం ఉంది. మీలో తయారైన యాంటీబాడీలు బిడ్డకు చేరతాయి, బిడ్డకు సొంతంగా టీకాలు పడేదాకా అవే కాపలా. అలాగే పుట్టిన వెంటనే బిడ్డను మీ ఛాతీ మీద పడుకోబెట్టమని, గంటలోపే రొమ్ము పట్టించమని ముందే చెప్పి ఉంచండి. సిజేరియన్ అయినా తల్లీబిడ్డా బాగుంటే ఇది చేయొచ్చు. తల్లి ఒంటి వేడి బిడ్డకు ఎంత మేలు చేస్తుందో 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక తల్లుల గుండెల మీదే బరువు తక్కువ పిల్లలను పెట్టి పెంచినప్పుడు వైద్యలోకం గమనించింది, ఇప్పుడు ప్రపంచమంతా అదే చేస్తోంది. విటమిన్ కె ఇంజెక్షన్, హెపటైటిస్ బి టీకా, వినికిడి పరీక్ష, మడమ దగ్గర రక్తపు చుక్క తీసి చేసే పరీక్ష, ఇవన్నీ ఎప్పుడెప్పుడు చేస్తారో అడిగి రాసుకోండి. విటమిన్ కె చిన్న విషయం అనుకోకండి, అది పడకపోతే కొందరు పిల్లల్లో మెదడులో కూడా రక్తస్రావం కావచ్చు. మొదటి స్నానానికి తొందరేమీ లేదు, కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఒంటి మీద ఉండే తెల్లటి జిగురు మురికి కాదు, చర్మానికి రక్షణ.

ఇక పాల సంగతి. ఇదొక్కటి బాగా తెలుసుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. పాలివ్వడం దానంతటదే వచ్చేస్తుందని అందరూ అంటారు గానీ చాలామందికి రాదు, తల్లికీ కొత్తే, బిడ్డకీ కొత్తే. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చిక్కగా, కొంచెం పసుపు రంగులో, చూడటానికి చాలా తక్కువగా ఉంటాయి. మొదటి రోజు బిడ్డ ఒక్కసారికి తాగేది చెంచాడే, ఆ పొట్టకు అదే సరిపోతుంది. 24 గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టాలి, రాత్రి కూడా. బిడ్డ నోరు బాగా పెద్దగా తెరిచినప్పుడు చనుమొన ఒక్కటే కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లేలా దగ్గరకు తీసుకోండి, గడ్డం రొమ్ముకు ఆని ఉండాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. నొప్పి పెడుతూనే ఉంటే ఓర్చుకోకండి. శుభ్రమైన చిటికెన వేలు నోటి మూల నుంచి పెట్టి పట్టు విడిపించి మళ్లీ పట్టించండి. ఆసుపత్రిలో ఉన్నప్పుడే నర్సును పక్కన కూర్చోబెట్టుకుని ఒకటికి నాలుగుసార్లు చూపించమనండి, మొహమాటపడొద్దు.

రెండో రాత్రికో, మూడో రాత్రికో బిడ్డ ఊరికే ఏడుస్తుంది, గంట గంటకూ రొమ్ము వెతుక్కుంటుంది. కొత్త తల్లులు బెంబేలెత్తిపోయేది అప్పుడే. ఒకసారి మూడు రోజుల పాపను ఎత్తుకుని ఒక జంట వచ్చారు. తల్లి కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి. "నాకు పాలు పడలేదండీ, రాత్రంతా ఏడుస్తూనే ఉంది" అంది. డైపర్లు ఎన్ని మార్చారమ్మా అని అడిగితే తండ్రి ఫోన్ తీసి చూపించాడు, ప్రతిదీ టైముతో సహా రాసుకున్నాడు. నిన్నటి నుంచి నాలుగు తడివి, మూడుసార్లు విరేచనం, నల్లగా తారులా ఉన్నది ఆకుపచ్చకు తిరుగుతోంది. తూకం వేస్తే పుట్టినప్పటి కంటే 5 శాతం తగ్గింది, అంతే. అక్కడే పట్టించి చూశాం. ఫ్యాన్ ఆపి, అందరం నోరు మూసుకుని వింటే రెండు మూడు చప్పరింపులకు ఒకసారి చిన్నగా గుటక పడుతున్న చప్పుడు. "విన్నారా, ఆ గుటకలన్నీ మీ పాలే" అన్నాను. ఆమె మళ్లీ ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు.

అందుకే మీవారికి ఆ పని అప్పజెప్పండి. మొదటి రోజు తడి డైపరు ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అయిదో రోజు దాటాక రోజుకు ఆరు లేదా ఎక్కువ ఉండాలి. విరేచనం నాలుగైదు రోజులకు పసుపు రంగుకు రావాలి. మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే, రెండు వారాల్లోపు పుట్టినప్పటి బరువుకు వచ్చేయాలి. 10 శాతం కంటే ఎక్కువ తగ్గినా, డైపర్లు పొడిగా ఉంటున్నా, పాలకు కూడా లేవకుండా నిద్రపోతూనే ఉన్నా ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఏ కారణం వల్లనైనా డబ్బాపాలు పట్టాల్సి వస్తే అందులో నేరం ఏమీ లేదు, తల్లి మనసు కష్టపెట్టుకోవద్దు. కానీ డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, ఎక్కువ రోజులు వస్తాయని పలచన చేయకూడదు. ఆరు నెలలదాకా విడిగా మంచినీళ్లు కూడా అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే. తేనె మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించొద్దు, అందులో ఉండే బ్యాక్టీరియా వల్ల బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

పడుకోబెట్టే విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. ప్రతిసారీ, పగలైనా రాత్రైనా, వెల్లకిలా. గట్టిగా సమంగా ఉన్న పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక గుడ్డ, అంతే. దిండు, బొంత, మెత్తటి బొమ్మలు ఏవీ బిడ్డ దగ్గర ఉండకూడదు. మీ గదిలోనే, మీ మంచం పక్కనే, కానీ విడిగా. పాలిస్తూ సోఫాలో నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదం. అమెరికాలో 1994లో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూవాడా ప్రచారం చేశాక, నిద్రలోనే కారణం తెలియకుండా చనిపోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. మందూ లేదు, మిషనూ లేదు, పడుకోబెట్టే తీరు మార్చారు.

ఇప్పుడు భయపడాల్సినవి, అక్కర్లేనివి. తుమ్ములు, ఎక్కిళ్లు, పాలు తాగాక కొంచెం కక్కడం, చేతులూ కాళ్లూ చల్లగా కాస్త నీలంగా ఉండటం, మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా రొమ్ములు ఉబ్బడం, ఆడపిల్లకు డైపర్‌లో రెండు చుక్కల రక్తం కనిపించడం, ఇవన్నీ మామూలే. ఆ రొమ్ములను పిండకండి, చీము పడుతుంది. బొడ్డుకు ఏమీ పూయకుండా పొడిగా వదిలేయండి, ఒకటి నుంచి మూడు వారాల్లో అదే రాలిపోతుంది. చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము, వాసన వచ్చినా చూపించాలి. ఒళ్లు పచ్చబడటం, అంటే పసికామెర్లు, చాలామంది పిల్లల్లో రెండో మూడో రోజున కనిపించి తగ్గిపోతుంది. మొదటి 24 గంటల్లోనే కనిపించినా, అరచేతులు అరికాళ్లదాకా పాకినా ఎండలో పెట్టి చూద్దాం అని కూర్చోకూడదు, రక్తపరీక్ష చేయించాలి.

ఊపిరి లెక్కపెట్టడం మాత్రం ఇద్దరూ నేర్చుకోండి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా కొంచెం పైకెత్తి పొట్టను చూడండి, పైకి లేచి కిందికి దిగితే ఒకటి. గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి, అర నిమిషం చూసి రెట్టింపు చేయకూడదు, ఎందుకంటే చంటిపిల్లలు కాసేపు గబగబా పీల్చి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మళ్లీ లెక్కపెట్టండి, రెండోసారీ అంతే ఉంటే బయలుదేరండి. డొక్కలు ఎగరేస్తున్నా, ప్రతి ఊపిరికీ మూలుగుతున్నా, పెదవులు నాలుక నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగడం మానేసినా, ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా లెక్కలు కూడా అక్కర్లేదు, నేరుగా ఆసుపత్రికి. జ్వరం సంగతీ అంతే. మూడు నెలల్లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ వచ్చిందంటే ఇంట్లో సిరప్ పోసి తెల్లారేదాకా ఆగకూడదు. చంకలో 36.5 కంటే తగ్గినా నిర్లక్ష్యం చేయొద్దు, ఛాతీకి హత్తుకుని వెచ్చబెట్టండి, అయినా పెరగకపోతే తీసుకెళ్లండి. రాత్రి ఏ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ ఉంటారో ఇప్పుడే కనుక్కుని, ఆ నంబరు ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.

ఏడుపు గురించి. రెండో వారం నుంచి పెరిగి, ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు సర్దుకుంటుంది. పాలు పట్టారు, డైపర్ మార్చారు, జ్వరం లేదు, ఎత్తుకుని తిప్పారు, అయినా గుక్కపట్టి ఏడుస్తోంది, మీకు ఓపిక నశిస్తోంది అనుకోండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసి అయిదు పది నిమిషాలు బయటికి రండి, తప్పు లేదు. ఎంత విసుగొచ్చినా బిడ్డను కుదపకూడదు, ఒక్కసారి కుదిపినా మెదడు దెబ్బతింటుంది. ఈ మాట మీవారికి కూడా గట్టిగా చెప్పండి.

మీ సంగతి మీరు అడగనే లేదు. పురుడు పోసుకున్నాక మూడో రోజు నుంచి ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. పోకపోయినా, బిడ్డ మీద ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదనిపించినా అది జబ్బు, దానికి వైద్యం ఉంది, ఆ రోజే చెప్పాలి. గంటకో ప్యాడ్ తడిసిపోవడం, జ్వరం, కళ్లు మసకబారుతూ తీవ్రమైన తలనొప్పి, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, వీటిలో ఏదొచ్చినా బిడ్డ పనులు వదిలేసి ముందు మీరు వెళ్లండి. ఇద్దరే ఉన్నారు కాబట్టి రాత్రిని ఇప్పుడే పంచుకోండి. పాలు మీరు, తేన్పు తెప్పించి, డైపర్ మార్చి పడుకోబెట్టడం ఆయన. వంట, బట్టల పని మొదటి నెల ఎవరైనా చేసిపెడతామంటే వద్దనకండి, బిడ్డను ఎత్తుకుంటామనే వాళ్లకంటే వాళ్లే మీకు అవసరం. చూడటానికి వచ్చేవాళ్లు చేతులు కడుక్కోవాలి, జలుబు దగ్గు ఉంటే తర్వాత రావాలి, ముఖం మీద ముద్దులు వద్దు. ఇంట్లో పొగ తాగకూడదు. ఇవన్నీ మీరు చెప్పలేకపోతే నేను చెప్పానని చెప్పండి.

చివరికి ఎత్తుకోవడం. ఒక చేయి మెడ కింద, వేళ్లు విప్పి తలను పట్టుకునేలా. రెండో చేయి పిరుదుల కింద. మీరే కిందికి వంగి, బిడ్డను మీ ఒంటికి ఆనించుకున్నాక నిదానంగా లేవండి. తల మోచేతి మడతలోకి జారుతుంది, అక్కడే ఉంచండి. రెండు రోజుల్లో చేతులకు అదే అలవాటైపోతుంది. పుట్టిన బిడ్డకు 20, 30 సెంటీమీటర్ల దూరమే స్పష్టంగా కనిపిస్తుంది, అలా ఒళ్లో పెట్టుకుంటే మీ ముఖం సరిగ్గా ఆ దూరంలోనే ఉంటుంది.