రైసు మిల్లులో రెండు వేళ్ళు పోయాయి, 50 వేలిచ్చి సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

సంతకం మాత్రం పెట్టనివ్వకు తమ్ముడూ. మీ వాడికి పాతికేళ్ళు, జీతం నెలకి 12 వేలు, నరసన్నపేట దగ్గర మిల్లులో బెల్టులో పడి కుడిచేతివి రెండు వేళ్ళు పోయాయి, సావుకారు 50 వేలిచ్చి ఇకమీదట ఏ సంబంధం లేదని బాండు పేపరు రాయించుకుంటానంటున్నాడు. నువ్వు రాసింది ఇదే కదా.

నేను పలాసలో జీడిపప్పు కటింగ్ మిషను మీద చేసేవాణ్ణి. ఇరుక్కున్న గింజ తియ్యబోతే చూపుడువేలు రెండు కణుపులు ఎగిరిపోయింది. మిషను మూత ఎప్పుడూ గోడకి జేరేసి ఉండేది, దానిమీద మేం తువ్వాళ్ళు ఆరేసుకునేవాళ్ళం. ఆస్పత్రిలో చీటీ రాసేచోట సూపర్‌వైజరు "బండి మీంచి పడ్డాడండి" అనేశాడు. నాకు కళ్ళు తిరిగిపోతున్నాయి. మా ఆవిడ ఊరుకోలేదు. "బండెక్కడిది బావూ మాకు? మిషన్లో పడితేనూ!" అని దెబ్బలాడి కేసు షీటులో ఆ మాటే రాయించింది. తర్వాత నాకొచ్చిన డబ్బంతా ఆ ఒక్క లైను పుణ్యమే. కాబట్టి ముందు మీ వాడి కేసు షీటులో దెబ్బ ఎలా తగిలిందని రాశారో చూడు. వేరేలా ఉంటే డిశ్చార్జి కాకముందే డాక్టరు గారికి జరిగింది చెప్పండి.

ఇక డబ్బు లెక్క. 1923 నాటి నష్టపరిహార చట్టం ప్రకారం జీతంలో 60 శాతం తీసుకుని, వయసుని బట్టి పట్టికలో ఉన్న అంకెతో హెచ్చవేస్తారు. పాతికేళ్ళకి ఆ అంకె 216.91. ఒక చేతివి రెండు వేళ్ళు పూర్తిగా పోతే 20 శాతం నష్టం కింద లెక్క. అంటే 7,200ని 216.91తో హెచ్చవేసి, అందులో 20 శాతం తీస్తే సుమారు 3 లక్షల 12 వేలు. ఆస్పత్రి ఖర్చు దీనికి వేరే. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం పోయి సామాజిక భద్రత కోడ్ వచ్చింది గానీ, ఆ 60 శాతం పద్ధతి అందులోనూ ఉంది. ఇప్పుడు 50 వేలు ఎంత ఉదారమో నువ్వే చూసుకో.

"నడుస్తున్న బెల్టులో చెయ్యెవడు పెట్టమన్నాడు?" అంటారు. నన్నూ అన్నారు. పని తొందరలో జరిగిన పొరపాటుకి పరిహారం పోదు. తాగి పనిలోకి దిగినా, కావాలని రూలు మీరినా, రక్షణ మూత తనే తీసేసినా అప్పుడు అడ్డు చెబుతారు. అసలా బెల్టుకి కంచె ఉందా? ఫ్యాక్టరీకైతే అది ఉండి తీరాలని 2025 నవంబరు దాకా నడిచిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. మిల్లు వాళ్ళు ఇప్పుడు హడావుడిగా జాలీ బిగించేస్తారు, ఈలోగానే ఎవరిచేతైనా ఫోటో తీయించు.

జీతం చేతికిచ్చేవాళ్ళయితే రుజువు కష్టం. గుమస్తా ఫోన్‌పే చేసిన మెసేజీలు, పనిలో ఉండగా తీసుకున్న ఫోటోలు, ఏవున్నా చెరపకండి. తోటివాళ్ళు సాక్ష్యానికి రారు. వాళ్ళ మీద కోపం పెట్టుకోకు, రేపు వాళ్ళకీ ఆ మిల్లే కదా కూడు పెట్టాలి.

వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ వెంట పడమని ఊళ్ళో అందరూ చెబుతారు. పింఛనుకి 40 శాతం ఉండాలి, రెండు వేళ్ళకి అంత రావడం కష్టం. పరిహారానికి దానితో పనిలేదు, ఆ శక్తి ఇటు పెట్టండి.

శ్రీకాకుళం కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ పెట్టండి. రెండేళ్ళు గడువుంది గానీ ఆగొద్దు. వకీలు ఖర్చుకి జంకితే కోర్టులోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, కార్మికులకి వకీలుని ఉచితంగా ఇస్తారు. సావుకారు నిజంగా రాజీకే వస్తే ఆ కాగితమేదో కార్మిక శాఖ వారి ముందు పెట్టి రిజిస్టరు చేయించమను, అక్కడ అన్యాయంగా తక్కువుంటే ఒప్పుకోరు.

ఇంతకీ మిల్లులో ఎంతమంది పనిచేస్తారు, జీతంలో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కట్ అవుతోందా? అవుతుంటే పైన చెప్పిన లెక్క వర్తించదు, డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది, దారి వేరు. అది కనుక్కుని రాయి.