గల్లాపెట్టె లెక్క వేరు

ప్రశ్న: మా హాస్టల్ గదిలో నెల రోజులుగా ఒకటే గొడవండీ. నా రూమ్మేట్ ఐఫోన్ వాడతాడు, దాని ఈఎంఐ ఇంకా తీరలేదు, అది వేరే సంగతి. ఫోన్ల వ్యాపారంలో వచ్చే లాభంలో సింహభాగం యాపిల్‌దేనని, మిగతా కంపెనీలు ఊరికే ఫోన్లు పంచిపెడుతున్నాయని వాడి వాదన. క్లాసులో పదిమందిలో తొమ్మిదిమంది చేతిలో ఆండ్రాయిడే ఉంటే గెలిచింది ఎవరు అని నేనంటాను. ఒకప్పుడు యాపిల్ లాభం వాటా వంద శాతం దాటిందని కూడా ఎక్కడో చదివాడట. అదెలా కుదురుతుంది? మార్కెట్ వాటా ముఖ్యమా, లాభమా?
– బి.కాం. విద్యార్థి, గుంటూరు

జవాబు: ముందు ఆ వంద శాతం సంగతి తేల్చేద్దాం. మీ వీధిలో మూడు స్వీటు షాపులున్నాయనుకోండి. ఏడాది తిరిగేసరికి ఒకాయనకి 12 లక్షలు మిగిలింది, రెండో ఆయనకి పెట్టుబడికీ రాబడికీ సరిపోయింది, మూడో ఆయన 2 లక్షలు పోగొట్టుకున్నాడు. వీధి మొత్తానికి లాభం 10 లక్షలు, అందులో మొదటాయన వాటా 120 శాతం! 2016 ప్రాంతంలో కొందరు విశ్లేషకులు యాపిల్‌కి కట్టిన లెక్క ఇలాంటిదే. అప్పట్లో ఎల్‌జీ, హెచ్‌టీసీ లాంటివాళ్లు నష్టాల్లో ఉన్నారు కాబట్టి ఆ అంకె అలా ఉబ్బింది. కామర్స్ చదువుతున్నారు, ఇది మీరే వాడికి విడమరిచి చెప్పాల్సింది.

ఇక అసలు ప్రశ్న. నన్నడిగితే లాభమే. జీతాలిచ్చేదీ, వచ్చే ఏడాది ఫోన్ మీద పని చేయించేదీ, పాత ఫోన్లకి అప్‌డేట్లు పంపేదీ అందులోంచే గానీ, 'మేమే నంబర్ వన్' అని పేపర్లో వేయించుకున్న ఫుల్ పేజీ యాడ్‌లోంచి కాదు కదా. ఎల్‌జీనే చూడండి. 2013లో శాంసంగ్, యాపిల్ తర్వాత మూడో స్థానం కోసం పోటీపడిన కంపెనీ. తర్వాత వరసగా 23 త్రైమాసికాలు, అంటే దాదాపు ఆరేళ్లు నష్టమే, సుమారు 450 కోట్ల డాలర్లు పోయాక 2021 ఏప్రిల్‌లో ఫోన్ల దుకాణం కట్టేస్తున్నామని చెప్పింది. ఆ ఆరేళ్లూ ఫోన్లు అమ్ముడుపోలేదా అంటే పోయాయి, కోట్లలో పోయాయి! టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల వ్యాపారం ఉంది కాబట్టి అన్నాళ్లు లాగింది. హెచ్‌టీసీకి ఆ ఆసరా కూడా లేదు. 2011లో ఒక త్రైమాసికం అమెరికాలో స్మార్ట్‌ఫోన్ల అమ్మకాల్లో మొదటి స్థానం దాని చేతిలో ఉంది. 2017కి వచ్చేసరికి ఇంజినీర్లలో పెద్ద బృందాన్నే 110 కోట్ల డాలర్లకి గూగుల్‌కి అప్పగించాల్సి వచ్చింది.

అలాగని మీ మాట కొట్టిపారేయలేను. మరీ తక్కువ వాటాతో కూడా బతకడం కష్టం. మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన విండోస్ ఫోన్ గుర్తుందా? ఆ రకం నోకియా లూమియాలు చూడ్డానికి బాగుండేవి, చేతిలోంచి జారి కింద పడినా ఏం కాదన్న ధీమా ఉండేది, కెమెరా కూడా మంచిదే. కానీ కొనేవాళ్లు తక్కువని యాప్‌లు చేసేవాళ్లు అటు చూడలేదు, యాప్‌లు లేవని కొనేవాళ్లు రాలేదు. మైక్రోసాఫ్ట్ దగ్గర డబ్బుకి కొదవా! అయినా నిలబడలేదు.

ఇక నోకియా కథ మీ ఇద్దరి వాదనకీ అడ్డం వస్తుంది. 2007 చివర్లో ప్రపంచంలో అమ్ముడైన ప్రతి అయిదు సెల్‌ఫోన్లలో దాదాపు రెండు దానివే. లాభాలూ దండిగానే ఉన్నాయి. అంటే వాటా, లాభం రెండూ ఉన్న కంపెనీ. సరిగ్గా ఆ ఏడాదే ఐఫోన్ వచ్చింది. నిన్న ఎవరు కొన్నారో వాటా చెబుతుంది, నిన్న ఎంత మిగిలిందో లాభం చెబుతుంది. అదే మనిషి తన తర్వాతి ఫోన్ ఎవరి దగ్గర కొంటాడో ఆ రెండూ చెప్పవు. 2013లో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని 544 కోట్ల యూరోలకి మైక్రోసాఫ్ట్‌కి అమ్మడానికి ఒప్పుకుంది. 2015లో ఆ మైక్రోసాఫ్ట్ ఈ కొనుగోలు కిందే 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసింది. మనకి పక్కనే, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన నోకియా ఫ్యాక్టరీ పన్ను వివాదంలో చిక్కుకుని అమ్మకంలో కలవకుండా ఆగిపోయింది, మైక్రోసాఫ్ట్ ఆర్డర్లు ఆపేశాక 2014 నవంబర్ 1న మూతపడింది.

ఇంకో ముక్క. 2018 నవంబర్‌లో యాపిల్ ఎన్ని ఐఫోన్లు అమ్మిందో చెప్పడం మానేస్తున్నానంది. సూపర్ మార్కెట్లో బండి తోసుకుంటూ బిల్లింగ్ దగ్గరికి వెళ్తే అందులో ఎన్ని వస్తువులున్నాయన్నది కాదు, మొత్తం విలువెంత అన్నది చూడాలని కంపెనీ అధిపతి హోదాలో టిమ్ కుక్ సమర్థించుకున్నారు. మాట బాగానే ఉంది గానీ, అమ్మకాల సంఖ్య పెరగడం ఆగిపోయాకే ఈ జ్ఞానోదయం అయిందని నా అనుమానం. పెరుగుతుంటే దాచుకునేవాళ్లా? తమాషా ఏమిటంటే 2023లో, మార్కెట్ లెక్కలు తీసే ఐడీసీ సంస్థ ప్రకారం, 23.46 కోట్ల ఫోన్లతో యాపిల్ శాంసంగ్‌ని దాటి, ఏడాది మొత్తం మీద సంఖ్యలోనూ మొదటిసారి మొదటి స్థానానికి వచ్చింది. మీ రూమ్మేట్‌కి ఇది మాత్రం చెప్పకండి.

ప్రశ్న: పన్నెండేళ్లుగా మొబైల్ షాపు నడుపుతున్నాను. 15 వేల ఫోన్ అమ్మితే నాకు మిగిలేది కొన్ని వందలు, అదీ నెల టార్గెట్ కొడితేనే. పండగ సేల్ వస్తే ఆన్‌లైన్‌లో నేను కొన్న రేటు కంటే తక్కువకి ఇచ్చేస్తారు. ఇంత తక్కువకి అమ్మితే కంపెనీకి ఏం గిట్టుబాటవుతుంది? నష్టానికి అమ్మి వాటా పెంచుకుని ఏం చేసుకుంటారు?
– షాపు యజమాని, ఖమ్మం

జవాబు: మీరేం చేస్తున్నారో ఒకసారి చూసుకోండి సార్. ఫోన్ మీద వందలు మిగిలినా ఆ కస్టమర్ వెళ్లేలోపు టెంపర్డ్ గ్లాస్ వేసి, పౌచ్ తొడిగి, ఇయర్‌ఫోన్స్ చూపించి, ఫైనాన్స్ కట్టిస్తే దాని కమీషన్ కూడా చూసుకుంటారు కదా. గ్లాస్ కొన్నదెంత, వేసినందుకు తీసుకున్నదెంత అని నేను అడగను. కంపెనీలూ అంతే. అసలు కంటే వడ్డీ ముద్దు!

చైనా కంపెనీ షావోమీ 2014 జూలైలో ఎంఐ 3ని 13,999 రూపాయలకి ఫ్లిప్‌కార్ట్‌లో పెట్టినప్పుడు జనం టైమ్ చూసుకుని కంప్యూటర్ల ముందు కూర్చున్నారు, మీ షాపుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది మన శ్రీసిటీలోనే, వేరే కంపెనీలకి ఫోన్లు చేసిపెట్టే ఫాక్స్‌కాన్ దగ్గర తయారీ మొదలుపెట్టింది. 2017 ఆఖరికి మన దేశంలో శాంసంగ్‌ని దాటింది. 2018లో ఆ కంపెనీ అధిపతి లే జున్, ఫోన్ల లాంటి వస్తువుల మీద నికర లాభం, అంటే అన్ని ఖర్చులూ పోగా మిగిలేది, 5 శాతం దాటనివ్వమని బహిరంగంగా మాటిచ్చారు. దానం కాదు లెండి. ఆ ఏడాది ఫోన్ల మీద స్థూల లాభం, అంటే తయారీ ఖర్చు మాత్రమే తీసేస్తే మిగిలేది, 6 శాతం చిల్లరే, యాడ్లు, గేమ్‌ల లాంటి ఇంటర్నెట్ సేవల మీద మాత్రం 60 శాతం పైమాటే. ఫైల్స్ వెతుకుదామని తెరిస్తే యాడ్, ఫోన్ క్లీన్ చేద్దామంటే యాడ్ అని మీ దగ్గరికొచ్చి కస్టమర్లు గొణిగేవాళ్లే, ఆ గొణుగుడు వెనక ఉన్నది ఈ లెక్కే.

యాపిల్ చేసేదీ ఇలాంటిదే, కాకపోతే ముందు ఫోన్ మీద కూడా గట్టిగా పిండుకుంటుంది. 2024 సెప్టెంబర్‌తో ముగిసిన ఏడాదిలో ఐఫోన్ల మీద 20,100 కోట్ల డాలర్ల రాబడి వచ్చింది, సేవల మీద 9,600 కోట్ల డాలర్లు. వస్తువుల మీద వందకి 37 మిగిలితే సేవల మీద 74 మిగిలింది. తన బ్రౌజర్‌లో గూగుల్ సెర్చ్ ముందే పెట్టి ఉంచినందుకు 2022లో గూగుల్ దానికి సుమారు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టులో బయటపడింది. ఒక్క పౌచ్ కూడా అమ్మకుండా వచ్చిన డబ్బు అది.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు కొనే మనిషిని బట్టి ఉంటుంది. ఖరీదైన ఫోన్ కొన్నవాడు యాప్‌లకీ, క్లౌడ్‌కీ డబ్బు పెడతాడు, అలాంటివాళ్లు కొద్దిమంది చాలు. పది వేల ఫోన్ కొన్నవాడి మీద యాడ్ల ద్వారా ఏడాదికి వచ్చేది చిల్లర, ఆ చిల్లర గల్లాపెట్టె నిండాలంటే కోట్లమంది కావాలి. తక్కువ ధరకి అమ్మేవాడికి వాటా సోకు కాదు, కూడు.

ఈ వెనక ఆదాయం లేకుండా ముందు ధర ఒక్కటే తగ్గిస్తే ఏమవుతుందో మన దేశపు కంపెనీ మైక్రోమ్యాక్స్‌లో చూశాం. 2014 ఆఖర్లో ఒక సంస్థ లెక్కలో ఇక్కడ శాంసంగ్‌ని కూడా దాటేసింది, హాలీవుడ్ నటుడు హ్యూ జాక్‌మన్‌తో యాడ్లు తీసింది. 2016లో జియో వచ్చి ఊరంతా 4జీ ఫోన్లు అడిగేసరికి, అదే సమయంలో చైనా కంపెనీలు మీద పడేసరికి తట్టుకోలేకపోయింది. మీ షాపు బయట ఆ బోర్డు ఉండేదేమో, ఇప్పుడు దాని మీద వేరే పేరుంటుంది. వివో మళ్లీ మీలాంటి షాపుల్నే నమ్ముకుని, బోర్డు పెట్టించి, తన ఫోన్లు చూపించి అమ్మే మనిషిని (ప్రమోటర్‌ని) కూర్చోబెట్టి పైకొచ్చింది. అందుకే మీకు తెలిసిన మార్జిన్ల సంగతి చాలామంది విశ్లేషకులకి తెలియదు.

ప్రశ్న: రిటైరైన టీచర్ని. ఈ లెక్కలన్నీ వాళ్లవి. ఫోన్ కొనుక్కునే నాకు ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?
– అనకాపల్లి

జవాబు: ఒకటుంది మాష్టారూ. కంపెనీ ఎన్నో స్థానంలో ఉందో వదిలేసి, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తానందో, మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో అడగండి. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 మొదట్లో ఎస్24తో శాంసంగ్ ఏడేళ్లు ఇస్తామన్నాయి. చవక ఫోన్లలో అంత ఆశించకండి, మూడు నాలుగేళ్లు రాతపూర్వకంగా చెబితే అదే పదివేలు.

నేనూ ఒకప్పుడు 'నంబర్ వన్' బోర్డు చూసి ఒక ఫోన్ కొన్నాను, పేరు అనవసరం. ఏడాదిన్నరకి బ్యాటరీ ఉబ్బితే కార్డు మీదున్న సర్వీస్ సెంటర్ అడ్రసు పట్టుకుని వెళ్లాను, అక్కడ బిర్యానీ పాయింట్ ఉంది. వాళ్లకీ ఇది అలవాటైపోయినట్టుంది, నా చేతిలో బిల్లు చూడగానే "ఎత్తేశారండీ, మీరు నాలుగోవారు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఎక్స్‌ఛేంజ్‌లో 400 ఇస్తామన్నారు, ఇవ్వబుద్ధి కాలేదు. బయట రిపేరు షాపులో ఏదో బ్యాటరీ వేయించాను. ఇప్పుడది వంటింట్లో పాటలకి ఉంది, ఛార్జర్ పీకితే ఆగిపోతుంది.