గూడబాతుకి క్వాంటం తగిలించకు

నెల్లూరు

చి. తమ్ముడికి,

జీవుల్లో క్వాంటం గురించి, అంటే ఎలక్ట్రాన్లలాంటి సూక్ష్మ కణాల వింత తీరు గురించి, కావలి నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. చేతిరాత బాగుంది. మొదటి వాక్యానికే ఒళ్లు మండింది. ‘సైబీరియా నుంచి గూడబాతులు క్వాంటం శక్తితో నేలపట్టుకు దారి వెతుక్కుంటాయి’ అట! నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప అనే చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతు దక్షిణాసియా పక్షి నాయనా, సైబీరియా మొహం చూడదు. ఏటా చలికాలం రాగానే పత్రికలవాళ్లు ఈ సైబీరియాని అచ్చేస్తారు, తప్పని రాస్తే మాత్రం వేయరు. నువ్వూ అదే ఎత్తి రాశావు.

పక్షులు భూమి అయస్కాంతాన్ని పట్టి దారి ఎలా తెలుసుకుంటాయన్న పరీక్షలు జరిగింది యూరప్ రాబిన్ మీద. పిచ్చుకంత పిట్ట, రాత్రిళ్లు వలస పోతుంది. దాన్ని గరాటులాంటి పంజరంలో వదిలి, వాలు గోడలకి కాగితం అతికిస్తారు. ఎగరబోయి జారినప్పుడల్లా గోళ్ల గీతలు పడతాయి. అవి ఎటువైపు ఎక్కువుంటే పిట్ట పోదామనుకున్న దిక్కు అది. నీలి, పచ్చ వెలుతురులో దిక్కు కుదిరింది, ఎర్ర వెలుతురులో తప్పింది. 2004లో బలహీనమైన రేడియో తరంగాలు తగిలిస్తే గీతలు చెల్లాచెదురయ్యాయి. ఒంట్లో ఉన్నది ఉత్త అయస్కాంతపు సూదైతే వాటికి తొణకదు. కంటిలోని క్రిప్టోక్రోమ్ ప్రోటీన్‌లో వెలుతురు పడితే ఒక ఎలక్ట్రాన్ చోటు మారి, జత విడిన ఎలక్ట్రాన్లు రెండు మిగులుతాయి. వాటి స్పిన్‌లు (ఒక్కో ఎలక్ట్రాన్ బుల్లి అయస్కాంతంలా ఉండే గుణం) ఒకవైపున్నాయా, ఎదురెదురా అన్నదాన్ని బట్టి రసాయన చర్య మలుపు తిరుగుతుంది. సుమారు 50 మైక్రోటెస్లాల భూమి అయస్కాంత క్షేత్రం ఆ మలుపునే కదిలిస్తుందని వాదన. 2021లో రాబిన్ ప్రోటీన్‌ని విడిగా తయారుచేసి, అయస్కాంతానికి స్పందిస్తుందని చూపారు. బతికున్న పిట్ట కంట్లో ఇంకా చూపలేదు. ఈ ముక్క రాయకపోతే వ్యాసం అబద్ధమవుతుంది.

రెండో పేజీ ‘వరి ఆకులో క్వాంటం’ 2007 దగ్గరే ఆగింది. వెలుతురు శక్తి అలల్లా పొందికగా పాకుతుందన్న ఆ కొలత వరి మీద కాదు, హరిత గంధక బ్యాక్టీరియా ప్రోటీన్ మీద, మైనస్ 196 డిగ్రీల చలిలో. 2017లో గది వేడిలో కొలిస్తే ఆ పొందిక 60 ఫెమ్టోసెకన్లలో (ఫెమ్టోసెకను అంటే సెకనులో కోటి కోట్ల వంతుకన్నా చిన్నది) చెదిరిపోయింది. ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అని రాయలేని చోట క్వాంటం అనే మాటే రాయొద్దు.

గట్టి ఆధారమున్న ఎంజైముల్ని, అంటే ఒంట్లో రసాయన చర్యల్ని వేగిరపరిచే ప్రోటీన్లని, ఒక్క వాక్యంలో తోసేశావేం? చర్య జరగాలంటే దాటాల్సిన శక్తి గట్టు ఒకటుంటుంది; గట్టెక్కే శక్తి లేకుండానే హైడ్రోజన్ గట్టు అవతల తేలడం టన్నెలింగ్. మామూలు హైడ్రోజన్ బదులు దాని బరువు రూపాలు, రెట్టింపు బరువున్న డ్యుటీరియం, మూడు రెట్ల ట్రిటియం పెట్టి చర్య వేగం ఎంత పడిపోయిందో చూస్తారు. మామూలు లెక్కకు అందనంత పడిపోతే టన్నెలింగ్ ఉన్నట్టు. 1989లో దీన్ని పట్టుకున్నది ఈస్టులోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌లో. తాటికల్లుకి మత్తు తెచ్చేదీ ఆ ఎంజైమే. గూడబాతుల్ని కొట్టేసి కల్లుముంత దగ్గర మొదలుపెట్టి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్న